న్యూయార్క్ మెట్లు, పలాస కోక



మే నెల మొదటి సోమవారం న్యూయార్క్‌లో సాయంత్రం ఆరయ్యేసరికి మనకు మంగళవారం తెల్లవారుజాము మూడున్నర. మన శ్రీకాకుళం జిల్లా భావనపాడులో, బారువలో మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. సరిగ్గా ఆ వేళకి అక్కడ ఫిఫ్త్ అవెన్యూలో, మెట్రోపాలిటన్ మ్యూజియం మెట్ల మీద సినిమా తారలు, పాటగాళ్లు, ఆటగాళ్లు, కోటీశ్వరులు ఒక్కొక్కరే ఎక్కుతూ ఉంటారు. మనం లేచి మొహం కడుక్కునేలోగా ఆ ఫొటోలు మన ఫోన్లలోకి వచ్చేస్తాయి. మెట్ గాలా అంటారు దాన్ని. ఆ వేషాలు చూసి నవ్వుకున్నవాళ్లూ ఉంటారు, ముక్కున వేలేసుకున్నవాళ్లూ ఉంటారు. ఇదంతా ఒక మ్యూజియంలో పాత బట్టలు దాచడానికయ్యే ఖర్చు కోసమన్న సంగతి మాత్రం ఫొటోలో పడదు.

కథ 1937లో మొదలైంది. ఐరీన్ లూయిసన్ అనే నాటకాభిమాని పూనికతో న్యూయార్క్‌లో దుస్తులకని ఒక మ్యూజియం వెలిసింది. 1946లో అది మెట్రోపాలిటన్‌లో కలిసి కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. ఇల్లయితే దొరికింది గానీ పోషణ భారం బట్టల వ్యాపారుల మీదే పడింది. ఇవాళ్టికీ ఆ మ్యూజియంలో తన ఖర్చు తనే సంపాదించుకోవలసిన విభాగం ఇదే. అందుకని 1948లో ఎలినార్ లాంబర్ట్ అనే ప్రచార నిపుణురాలు అర్ధరాత్రి విందు ఒకటి పెట్టించింది. టికెట్టు 50 డాలర్లు. 1970లలో డయానా వ్రీలాండ్ వచ్చాక ఆ విందుకి తళుకు అబ్బింది. 1995లో ఆ విందు వోగ్ పత్రిక అప్పటి సంపాదకురాలు ఆనా వింటూర్ చేతిలోకి వచ్చాక ప్రపంచమంతా చూసే తమాషా అయింది. 2024లో ఒక టికెట్టు 75,000 డాలర్లు, మన లెక్కలో 62 లక్షల పైమాటే. ఆ ఏడాది పదిమంది కూర్చునే బల్ల కావాలంటే మూడున్నర లక్షల డాలర్ల నుంచి మొదలు. 2025లో ఆ ఒక్క రాత్రికి వచ్చిన డబ్బు 3 కోట్ల 10 లక్షల డాలర్లు, అంటే సుమారు 260 కోట్ల రూపాయలు.

ఇంత డబ్బు తారలే జేబులోంచి తీసిస్తారనుకుంటాం. చాలావరకు అలా ఉండదు. బల్లను ఫలానా బట్టల కంపెనీ కొంటుంది. ఆ బల్ల దగ్గర కూర్చోడానికి ఫలానా తారను ఆ కంపెనీ పిలుస్తుంది. తన బట్టలే తొడుగుతుంది. ఎవరిని పిలిచినా పైనుంచి వింటూర్ ఒప్పుకోవాలి. డబ్బుంటే చాలదు, పేరు జాబితాలో ఉండాలి. మన పెళ్లిళ్లలో చదివింపుల దగ్గర మైకు పట్టుకుని ‘ఫలానా వారు నూట పదహార్లు’ అని అరుస్తారే, ఇదీ ఆ తంతే. కాకపోతే ఇక్కడ మైకుకి బదులు కెమెరాలున్నాయి, చదివించేది కంపెనీ, దండ పడేది తార మెడలో. లోపలికి వెళ్లాక సెల్ఫీలు తీసుకోకూడదని 2015 నుంచి నియమం. పాటించేవాళ్లు ఎంతమందో గానీ నియమమైతే ఉంది.

ఆ మెట్లు ఎక్కిన తెలుగువాళ్లు లేకపోలేదు. హైదరాబాద్‌కు చెందిన సుధారెడ్డి 2021లో ఒకసారి, 2024లో మరోసారి వెళ్లారు. రెండోసారి ఆవిడ మెడలో ఉన్న వజ్రాల హారం గురించి పత్రికలు రాసినంత, ఆ విందు దేనికోసమన్నది రాయలేదు. మన ఆర్ఆర్ఆర్‌లో సీతగా వేసిన ఆలియా భట్ అదే 2024లో డిజైనర్ సబ్యసాచి చేసిన చీరలో వెళ్లింది. లేత ఆకుపచ్చ చీర, వెనక 23 అడుగుల కొంగు. దానికి 163 మంది, 1,965 పనిగంటలు పట్టాయని ఆవిడే చెప్పింది. చెప్పినందుకు మెచ్చుకోవాలి. అయితే ఆ 163 మందిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

మెట్ల మీద పరిచిన తివాచీ సంగతి ఇంకా బాగుంటుంది. 2022లో, 2023లో, మళ్లీ 2025లో ఆ తివాచీ నేసి పంపింది కేరళలో ఆలప్పుళ జిల్లా చేర్తలలోని నెయ్ట్ అనే సంస్థ. కిత్తనార జాతి మొక్క నుంచి తీసిన సైసల్ నారతో నేశారు. అక్కడ తెల్లగా నేసి పంపితే న్యూయార్క్‌లో దాని మీద రంగులు వేసుకున్నారు. ఈ వార్త చదివినప్పుడు ఉద్దానంవాడిగా నాకు కాస్త కడుపు మండింది. కవిటి, కంచిలి, సోంపేట తోటల్లో కొబ్బరి డొక్కలకు కొదవా? నారంటే మనకు తెలియని వస్తువా? చేర్తలలో నారకి నేతగాడు తోడయ్యాడు, నేతగాడికి తరాల నాటి కంపెనీ తోడైంది, కంపెనీకి ఓడలో సరుకు పంపే దారి దొరికింది. మనకు ఆ నాలుగింట్లో మొదటిదైన నారే ఉంది.

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు బట్టీ దగ్గర మధ్యాహ్నం భోజనాల వేళ ఈ మెట్ గాలా వీడియో ఒకటి ఫోన్లో తిరుగుతోంది. అక్కడ పిక్కలు కొట్టే ఒకావిడ నన్ను పిలిచి చూపించింది.

“ఏటి బాబూ, ఈయమ్మ కోక తోక సర్దడానికే నలుగురున్నారు!”

“అది పెద్ద పండగ పిన్నీ. మ్యూజియానికి చందాలు పోగు చేస్తారు.”

“చందాలు సరే. ఇంత కోక ఎవులు ఉతుకుతారు? ఏ రేవులో ఆరేత్తారు?”

అందరూ నవ్వారు. ఆవిడ అడిగింది మాత్రం ఆ మ్యూజియంలో పనిచేసేవాళ్లు రోజూ తలపట్టుకునే ప్రశ్నే. దానికి వాళ్ల జవాబు ఏమిటంటే, వీలైనంతవరకు ఉతకరు. నీళ్లు తగిలితే పాత రంగు కదులుతుంది, పోగు సాగుతుంది. మరకను కూడా తొందరపడి తియ్యరు. ఎవరు వేసుకున్నారో, ఎలా వేసుకున్నారో ఆ మరకే చెబుతుంది మరి. పాత పట్టుబట్టల కథ మరీ ఘోరం. వందేళ్ల కిందట ఐరోపాలో పట్టుకి బరువు రావాలని తగరం లాంటి లోహపు ఉప్పుల్లో ముంచేవారు. అప్పట్లో నిండుగా జారే గౌను ఇప్పుడు పెట్టెలో పడుకున్నది పడుకున్నట్టే చీలికలు పేలికలవుతోంది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. 2024 గాలాతో పాటు పెట్టిన ప్రదర్శనలో ఇలాంటి బట్టలూ ఉన్నాయి. వాటిని బొమ్మకి తొడగడం కూడా కుదరక గాజుపెట్టెల్లో పడుకోబెట్టి చూపించారు.

రాయి, కంచు, ఇత్తడి ఇవన్నీ మ్యూజియంలో కాళ్లు జాపుకుని కూర్చుంటాయి. బట్టకి మాత్రం ఊపిరి తీసుకోవడమే గండం. వెలుతురు 50 లక్స్ దాటకూడదు, అంటే గదిలో గుడ్డిదీపం పెట్టినంత. కొన్ని నెలలు జనానికి చూపిస్తే మళ్లీ ఏళ్ల తరబడి చీకట్లో విశ్రాంతి. మడత పెట్టిన చోట పోగు తెగుతుందని మడతలో ఆమ్లం లేని కాగితం ఉండలు చుట్టి పెడతారు. గాలిలో తేమ ఎక్కువైతే బూజు, తక్కువైతే పెళుసు. పురుగు సంగతి చెప్పనక్కర్లేదు. కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటివి 33,000 పైచిలుకు ఉన్నాయి, ఏడు శతాబ్దాలవి. ప్రతిదానికీ ఒక నంబరు. ఆ నంబరు బట్ట మీద రాయరు. చిన్న నూలుపట్టీ మీద రాసి, బట్ట లోపలివైపు కనపడనిచోట రెండు కుట్లు వదులుగా వేస్తారు.

ఆ నూలుపట్టీ గురించి చదివినప్పుడు నాకు మన చాకిరేవు గుర్తుకొచ్చింది. పూర్వం ఇంటింటి బట్టలు కలిసిపోకుండా నల్లజీడి పిక్కని సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన గుర్తు పెట్టేవారు. ఒకరికి మూడు చుక్కలు, ఒకరికి అడ్డగీత. పైన కాస్త సున్నం అద్దితే ఆ నలుపు ఇక ఏ రేవులోనూ వదలదు. చదువు రాని మనిషి ఊరందరి బట్టల జాబితా తలలో పెట్టుకుని, ఎవరి పంచె వాళ్లకి చేర్చేవాడు. అది జాబితా కాదంటే నేను ఒప్పుకోను.

మెట్ గాలాలోనే 2022లో ఒక గొడవ జరిగింది. 1962లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ పుట్టినరోజు వేడుకలో మార్లిన్ మన్రో వేసుకున్న గౌనుని కిమ్ కార్డాషియాన్ వేసుకుని మెట్లెక్కింది. ఆ గౌను మ్యూజియానిది కాదు. రిప్లీస్ అనే ప్రదర్శన సంస్థ 2016లో 48 లక్షల డాలర్లకు వేలంలో కొన్నది. నాలుగు మెట్లెక్కి లోపలికి వెళ్లగానే విప్పేసి నకలు గౌను తొడుక్కుందట. అయినా ప్రపంచంలోని బట్టల సంరక్షకులంతా గగ్గోలు పెట్టారు. చారిత్రక దుస్తులు ఎంత గొప్పవారైనా సరే మళ్లీ తొడుక్కోకూడదని అంతర్జాతీయ మ్యూజియంల మండలి ఒక ప్రకటన ఇచ్చింది. బట్టలు దాచడానికి చందాలు పోగుచేసే చోటే బట్ట పాడయ్యే పని జరిగింది! వేడుక వేరు, ఆ వేడుకతో నడిచే పని వేరు అని దీనికన్నా తేటగా చెప్పే సంఘటన ఇంకోటి లేదు.

ఆ మ్యూజియంవల్ల మనకి ఏమన్నా ఒరిగిందా అంటే, ఒరిగింది. గోల్కొండ సుల్తానుల కాలం నాటి, 1640-50 ప్రాంతపు కలంకారీ రుమాళ్లు మెట్రోపాలిటన్‌లో ఉన్నాయి. చిన్న జాగాలో తోటలు, వేటలు, విందులు. 2013లో ప్రపంచ బట్టల వర్తకం మీద అక్కడ పెద్ద ప్రదర్శన పెడితే అందులో మన తూర్పుతీరపు అద్దకాలు నడిమధ్యన నిలిచాయి. 2023లో తొలి బౌద్ధశిల్పం మీద ఇంకో ప్రదర్శన పెట్టారు. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి రాళ్లు సముద్రం దాటి వెళ్లి అక్కడ నిలబడ్డాయి. ఇంకో విశేషం చెబుతాను. కోరమాండల్ తీరంలో నేసి, అద్ది, ఓడలకెక్కించిన వందల ఏళ్ల నాటి బట్టలు మనదగ్గర ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. అవే బట్టలు ఇండోనేషియాలో సులవేసి దీవి కొండల్లో తొరాజా జనం ఇళ్లలో మిగిలాయి. వాళ్లు వాటిని దైవసమానంగా, వంశాస్తిగా పెట్టెల్లో దాచుకున్నారు. మ్యూజియాలకు చేరిన ముక్కల్లో చాలా ఆ పెట్టెల్లోంచి వచ్చినవే.

మనింట్లో ఎందుకు మిగలలేదు? మనింట్లో బట్టకి పింఛను లేదు గనక. కొత్త కోక పండక్కి కడతాం. రెండేళ్లకి అది రోజువారీ కోక అవుతుంది. చిరిగితే నాలుగు పొరలు పేర్చి బొంత కుట్టేస్తాం. పసిబిడ్డకి ఉయ్యాల కడతాం. బొంత జీర్ణమైతే మసిగుడ్డ, మసిగుడ్డ చివరికి పొయ్యిలోకి. ఇందులో తప్పేం లేదు, వృథా చెయ్యకూడదన్న గృహస్థు ధర్మమది. చరిత్ర రాసేవాడికి మాత్రం దారపు పోగు కూడా మిగలదు. మహా అయితే పెళ్లి పట్టుచీర ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉంటుంది. వజ్రపుకొత్తూరు మండలం నువ్వలరేవులో ఊళ్లో పెళ్లిళ్లన్నీ రెండు మూడేళ్లకోసారి ఒకే ముహూర్తానికి చేస్తారు. ఆ రోజు ఊరంతా జరీ మెరుపే. ఆ చీరలు ముప్ఫై ఏళ్ల తర్వాత ఎక్కడుంటాయి? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన కొబ్బరిచెట్లను లెక్కపెట్టారు, జీడితోటలను లెక్కపెట్టారు. తడిసి బూజుపట్టిన ట్రంకుపెట్టెల్ని ఎవరు లెక్కపెట్టారు?

పోనీ మనం బట్టకి పరాయివాళ్లమా? మేలైన నూలుబట్టలు దొరికే దేశాలను కౌటిల్యుడి అర్థశాస్త్రం పేరుపేరునా చెప్పింది. అందులో కళింగం ఉంది. మనం ఇప్పుడున్నది ఆ కళింగంలోనే. అంతదూరం పోనక్కర్లేదు, మన జిల్లాలోనే పొందూరు ఉంది. అక్కడ ఏం చేస్తారో ఒకసారి దగ్గరగా చూడండి. కొండపత్తి తెచ్చి, గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల వరస మధ్యనుంచి పత్తి జారుతుంటే చెత్త, మడ్డి రాలిపోయి పట్టుకుచ్చులా మెరుస్తుంది. ఆ పని యంత్రం చేస్తే పోగు తెగుతుంది. ఏకిన పత్తిని ఏకులు చుట్టి ఎండిన అరటిదొప్పలో పెడతారు. చేతి చెమట తగిలినా, గాలి కొట్టినా పీచు చెదురుతుంది మరి. అప్పుడు ఒంటికదురు రాట్నం మీద నూరో నంబరు నూలు వడుకుతారు. గాంధీగారు ఈ నూలు సన్నదనం చూసి ఆశ్చర్యపోయారు. అక్కినేని నాగేశ్వరరావుగారి పంచెలు పొందూరువని మనందరికీ తెలుసు. 1949లో అక్కడ ఖాదీ కార్మికుల సంఘం ఏర్పడింది, ఇప్పటికీ నడుస్తోంది. రాట్నం ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లే. వాళ్ల కోడళ్లు రాట్నం ముట్టరు. ముట్టమని అడిగే మొహం కూడా మనకు లేదు, ఆ కూలి అలాంటిది.

రాళ్ల విషయంలో మనం నయం. 1919లో గిడుగు రామమూర్తిగారు వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధక్షేత్రాన్ని గుర్తించారు. వాడుకభాష కోసం పోరాడిన ఆ మనిషే! తవ్వకాలు జరిగాయి, చైత్యాలు బయటపడ్డాయి, దొరికిన విగ్రహాలకు అక్కడే చిన్న మ్యూజియం ఉంది. కళింగపట్నం వెళ్లేవాళ్లు దిగి చూసి రావచ్చు. రాయి ఎండకీ వానకీ రెండువేల ఏళ్లు ఆగింది, మనం ఎప్పుడు వెళ్లినా ఉంటుంది. బట్ట అలా ఆగదు.

మెట్ గాలా ఆడంబరాన్ని తిట్టడం నాకు సరదా లేదు. డబ్బున్నవాళ్లు డబ్బున్నవాళ్లకు చూపించుకోవడంలోంచి ఒక గుమాస్తాకి జీతం, ఒక చీకటిగదికి కరెంటు బిల్లు వస్తున్నాయంటే మంచిదే. నా పేచీ వేరేచోట ఉంది. ప్రపంచంలో ఏ బట్టల మ్యూజియం చూసినా ఎక్కువభాగం రాణులవీ, దొరసానులవీ, తారలవీ. ఎందుకంటే వాళ్ల బట్టలే మిగిలాయి, రెండుసార్లు కట్టి పక్కన పెట్టేశారు గనక. పనిచేసే మనిషి బట్ట ఒంటి మీదే అరిగిపోయింది. పలాసలో జీడి పనిచేసే ఆడమనిషి కోకను అద్దాలపెట్టెలో పెట్టిన చోటు నేనెక్కడా చూడలేదు. ఆ కోక ఎలా ఉంటుందంటే, వెలిసిన పూలకోక, పైన మొగుడిదో కొడుకుదో పాత చొక్కా. ఒళ్లోనూ మోకాళ్ల దగ్గరా గోధుమరంగు, నలుపు మరకలు. పిక్క పగిలినప్పుడు చిందే జీడినూనె అది. చర్మం మీద పడితే బొబ్బెక్కుతుంది, బట్ట మీద పడితే పోదు. చేతులకి నూనెరాసి బూడిద అద్దుకుని కూర్చుంటారు. ఏ చెయ్యి పిక్క పట్టిందో, ఏ పక్కకి వంగి కూర్చుందో ఆ మరకల్ని బట్టి చెప్పేయొచ్చు. ఆలియా భట్ చీరలో 163 మంది పనితనం ఉంది, నిజమే. ఈ కోకలో ఒక ఊరి పరిశ్రమంతా ఉంది.

దీన్ని దాచడానికి 260 కోట్లు అక్కర్లేదు. ఉప్పుగాలి చొరబడని ఒక గది, కిటికీలకి మందపాటి తెరలు, తేమ లాగే యంత్రం ఒకటి, కరెంటు పోతే జనరేటరు, ఆమ్లం లేని కాగితం, కర్రపెట్టెలకి బదులు అట్టపెట్టెలు, అన్నిటికన్నా ముందు చదువుకుని వచ్చిన ఒక మనిషికి నెలనెలా జీతం. గుడి కట్టిద్దామన్నా, గ్రామదేవత సంబరం చేద్దామన్నా బతుకుతెరువుకి వెళ్లిన మన ఉద్దానం కుర్రాళ్లు గల్ఫ్ నుంచీ ముంబై నుంచీ చందాలు పంపుతూనే ఉన్నారు. కొంచెం నచ్చజెబితే దీనికీ పంపుతారని నా నమ్మకం. గోడ మీద దాతల పేర్లు రాయిద్దాం, తప్పులేదు. న్యూయార్క్‌లోనూ గోడల మీద దాతల పేర్లే.

ఈ ఆలోచన బట్టీ దగ్గర ఆ పిన్నితో అన్నాను. మీ పనికోక ఒకటి మ్యూజియానికి ఇస్తారా అని అడిగాను. ముందు నమ్మలేదు. “ఈ మరకల కోకా? దీన్ని ఎవులు సూత్తారు బాబూ?” అంది. చూస్తారు, రేపు మీ మనవరాలి మనవరాలు వచ్చి చూస్తుందన్నాను. కాసేపు ఆలోచించింది.

“ఇత్తాను గానీ, ఊరికే ఇవ్వను. దీనికి బదులు రెండు కోకలు కొనాలి. పనికొకటి, పండక్కొకటి.”

నేను ఒప్పుకున్నాను.